బావ సిలువ మీద నేను రాసిన మాట

బావా,

చేపల వేటలో నీ పడవ తిరగబడి నేటికి ఏడాది. పొద్దున్నే అక్కా నేనూ నీ సమాధి దగ్గరికి వెళ్లాం. సిలువకు సున్నం వేసి, నీ పేరు కింద నల్లరంగుతో ‘ప్రభువునందు నిద్రించెను’ అని రాశాను.

సంఘపెద్ద దానియేలు మావ గేటు దగ్గరి నుంచే కేకేశాడు.

"ఒరే, పేరొక్కటే రాయమన్నాం కదా! ఆ మాట రక్షణ పొందినోళ్లకేరా. బాప్తిస్మం తీసుకుని పడవకి కొబ్బరికాయ కొట్టినోడికి రక్షణేటిరా?"

నువ్వు కొట్టిన మాట నిజం. పడవలో వాటా ఉన్న మీ అన్న పట్టుబట్టాడు, నువ్వు కాదనలేకపోయావు. అది తప్పే. ఆ రోజే నీ మొహం మీద అన్నాను, ఇప్పుడూ అంటాను.

"ప్రభువు శిష్యుడు పేతురూ వల లాగినోడే మావా. ప్రభువెవరో ఎరగనని బొంకాడు. వాడ్ని ప్రభువు వదిలేశాడేటి?"

"పేతురు ఏడిసి తిరిగొచ్చాడు. మీ బావ ఎప్పుడు ఏడిశాడు? కాయ కొట్టి ఎల్లిన ఆ ఏటలోనే పోయాడు కదరా!"

అక్క తల దించుకుంది. నాకు ఒళ్లు మండింది. సంచిలోంచి బైబిలు తీశాను.

"యోహాను పదో అధ్యాయం సూడు. ప్రభువు తన గొర్రెల్ని తన సేతిలోంచి ఎవుడూ లాక్కోనేడన్నాడు. సావు లాక్కోనేదు, సైతాను లాక్కోనేడు. కొబ్బరికాయ లాక్కుంతాదేటి?"

ఆదివారం సంఘమంతా వచ్చి ఆ మాట చెరిపేస్తామని చెప్పి మావ వెళ్లిపోయాడు.

"నిజంగా ప్రభువు దగ్గరే ఉన్నాడేట్రా మీ బావ?" అంది అక్క మెల్లగా.

"ఉన్నాడక్కా."

చెరపనీ బావా. సోమవారం మళ్లీ రాస్తాను, రోడ్డు మీదికి కనబడేంత పెద్ద అక్షరాలతో.