లాంచీలో పోసిన చేను

నా మహారాణికి,

ఈ వయసులో ఈ పిలుపేంటని నవ్వుకుంటావు. నవ్వుకో. కాలు విరిగి మంచంలో ఉన్న మీ చెల్లెలికి కూడా చదివి వినిపించు, కాస్త నొప్పి మరిచిపోతుంది.

ఏటి ఒడ్డున మన చౌడు నేలలో అడవి ఆముదం మొక్కలు పెడుతుంటే, "మేకలు కూడా ముట్టని మొక్కలు మనకెందుకండీ" అని గొణిగావే, అవి ఇప్పుడు నా తల దాటాయి! పొద్దున్నే పొగమంచులో వాటి మధ్య తిరుగుతుంటే నేను నడుస్తున్నానో, అవే నన్ను దాటుకుంటూ పోతున్నాయో తెలియదు. గింజలు గానుగ ఆడించి, వడగట్టి, తేరనిచ్చిన నూనె డబ్బాల్లో సిద్ధంగా ఉంది. గ్లాసులో పోసి వెలుగులో పెడితే ఎండను కరిగించినట్టుంది. రేపు మన కెప్టెన్ డీజిల్ బదులు ఆ నూనెతో, జనాన్ని ఎక్కించుకుని లాంచీ నడుపుతుందట. నేను పట్టిన చుక్కాని పట్టిన నా కూతురు!

కానీ నీకొక్కదానికే చెబుతున్నా. రేవులో లాంచీ యజమాని టీ తాగుతూ ఎవరితోనో అనడం విన్నాను: "నడి ఏట్లో జనంతో ఇంజన్ ఆగిందా, ఆ పిల్లని దించేసి ఇంకో సరంగుని పెట్టుకుంటా." మన నూనె చలికి చిక్కబడుతుంది. డీజిల్‌తో ఇంజన్ మొదలుపెట్టి, వేడెక్కాక నూనె కుళాయి తిప్పాలి. ఆపేముందు మళ్ళీ డీజిల్‌కి మార్చాలి. మరిచిపోతే గొట్టంలో నూనె ముద్దకట్టి ఇంజన్ మొరాయిస్తుంది. నా ముచ్చట కోసం దాని చేతిలోంచి చుక్కాని జారిపోతే నేనేం తండ్రిని? నూనెలో నీళ్ళు కలిశాయని రేపు అబద్ధం చెప్పేస్తా. తిట్టకు. గుండె రాయి చేసుకున్నా.

నీ
ముసలి సరంగు


నా బంగారు తల్లిని కన్న తల్లికి,

కూర్చుని చదువు! ఎగిరి గంతేశావంటే మీ చెల్లెలి పక్కన ఇంకో మంచం వేయాలి!

పొద్దున మొహం వేలాడేసుకుని రేవుకి వెళ్ళాను. "కెప్టెన్, నూనెలో నీళ్ళు పడ్డాయమ్మా, ఇవాళ వద్దులే" అన్నాను. అది నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది.

"అబద్ధం ఆడటం నీకు ఈ జన్మకి రాదు నాన్నా. షెడ్డులో వెనక వరస డబ్బాలు ఎప్పుడైనా ఎత్తి చూశావా?"

"ఏం?"

"ఖాళీవి. పొద్దున్నే జనాన్ని తేవడానికి అవతలి ఒడ్డుకి ఖాళీ లాంచీ వేసుకెళ్తానా, కొన్నాళ్ళుగా నీ నూనెతోనే వెళ్తున్నా. నువ్వు పక్కనే కూర్చుని కునుకు తీస్తున్నావు."

"నాకు చెప్పొద్దా!"

"నడి ఏట్లో ఇంజన్ ఆగితే దించేస్తానని యజమాని నా మొహాన్నే అన్నాడు. నీ నూనె నిలబడుతుందో లేదో తేలకుండా నీకు ఆశ పెట్టడం ఎందుకని ఊరుకున్నా. ఎక్కు, సరంగుగారూ, ఆలస్యమవుతోంది."

ఎక్కాను. జనమూ ఎక్కారు. ఇంజన్ వేడెక్కాక అది కుళాయి తిప్పింది. ఇంజన్ గొంతు కొంచెం మెత్తబడింది, అంతే. నల్ల పొగ లేదు. ఎవరో కబుర్లు చెప్పుకుంటున్నారు, ఎవరో పాపని జోకొడుతున్నారు. వీళ్ళందరినీ మన గింజలు మోసుకెళ్తున్నాయని ఒక్కరికీ తెలియదు! నాకు మాత్రం నీళ్ళ మీద నా చేనే కదులుతున్నట్టుంది.

ఒడ్డు దగ్గరపడగానే, "కుళాయి మార్చు నాన్నా" అంది. మన నూనె మీద ఇంకాస్త దూరం పోతే బాగుండనిపించి కుళాయి ముట్టుకోలేదు. అది చూసి, లాంచీని పక్కకి తిప్పి మన మొక్కల వెంబడే నెమ్మదిగా పోనిచ్చింది.

"ఏమ్మా, దారి తప్పావా?" అని ఒకాయన కేకేశాడు.

"లేదు బాబాయ్, ఆయిల్ కంపెనీ చూపిస్తున్నా!"

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేస్తూనే కుళాయి డీజిల్‌కి మార్చాను.

రేవులో యజమాని పొగగొట్టం వంక చూశాడు, ఇంజన్ వంక చూశాడు, గడ్డం గోక్కున్నాడు. మన పిల్లని దించేయడం మాట దేవుడెరుగు, నా భుజం మీద చెయ్యి వేసి, "రేపటికి నూనె ఉందా పెద్దాయనా?" అన్నాడు.

ఉందన్నాను. తర్వాత లేదు. అందుకే, నీ పూలమొక్కల పెరడు కూడా నాకిచ్చెయ్. ఉత్తరం చేరేసరికి సగం తవ్వేసి ఉంటాను.

నీ
ఆయిల్ కంపెనీ