పిన్ని ఎన్నో పేజీలో ఉంది?

పరిశోధన పత్రిక ఆఫీసు వారికి,

మీరు దొంగతనం చేశారు. కుర్చీలో సర్దుకుని కూర్చోనక్కర్లేదు, మీతోనే అంటున్నాను. పదమూడు పేజీల నా వ్యాసంలోంచి మా పిన్నిని ఎత్తేసి, ఆవిడ ఉన్నచోట పెన్సిలుతో "ఆధారం? పేజీ నంబరు?" అని గీకి ప్రూఫు తిప్పి పంపారు.

మళ్ళీ చెబుతాను. మా పిన్ని ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు దుప్పట్లు ఉతికింది. నాలుగో వార్డు రోగుల వీపుల మీద దద్దుర్లు లేస్తుంటే డాక్టర్లు సబ్బు మార్చారు, మందు మార్చారు, ఆఖరికి నర్సుల్ని మార్చారు. దద్దుర్లు మాత్రం మారలేదు. ఆరబెట్టే యంత్రంలోంచి తీసిన దుప్పట్లను వేడి మీదే మడతపెట్టేస్తున్నారనీ, లోపల చెమ్మ చిక్కుకుపోతోందనీ కనిపెట్టింది పిన్ని. నేను చేసిందల్లా ఏడు నెలలపాటు వార్డులో వీపులు చూసి, ఆవిడ మాట నిజమని తేల్చడమే. పిన్నిని తీసేస్తే ఆ వ్యాసంలో మిగిలేది నా డిగ్రీలు. వాటితో ఎవరి దద్దుర్లూ తగ్గవు.

ఇట్లు,
ప్రజారోగ్యం పాఠాలు చెప్పుకునే టీచరు

తా.క. లాండ్రీలో అందరికీ ఆవిడ పిన్నే. "అసలు పేరు వేస్తే నన్నెవరు గుర్తుపడతారే, పిన్ని అనే వెయ్యి" అంది. అలాగే వేశాను. మీరూ అలాగే వెయ్యండి.

*

గౌరవనీయులైన టీచరుగారికి,

నమస్కారాలు. తమ ఉత్తరం రెండుసార్లు చదివాం, ఒకసారి నిలబడి. మేము ఎవరినీ ఎత్తెయ్యలేదని మనవి. కలం పేర్ల మీద మాకు అభ్యంతరం లేదు. రచయిత్రి జీవిత విశేషాలు కూడా ఆసక్తికరంగా ఉన్నాయి. అయితే మా ఏడో నిబంధన ప్రకారం, అచ్చులో లేని మాట ఏదీ ఆధారంగా చెల్లదు. పిన్నిగారి వివరాలు అసంపూర్తిగా ఉండటంతో పక్కన పెట్టాం, అంతే. వెలువడిన సంవత్సరం, ప్రచురించినవారు, ఎన్నో ముద్రణ, మొత్తం పేజీలు తెలిపితే వెంటనే చేర్చుకుంటాం.

భవదీయుడు,
ప్రూఫు రీడరు

తా.క. పిన్ని తర్వాత చుక్క పెట్టాలా, కామా పెట్టాలా? దయచేసి తేలిగ్గా తీసుకోకండి. పోయిన సంచికలో ఒక కామా వల్ల ఇద్దరు ప్రొఫెసర్లు మాట్లాడుకోవడం మానేశారు.

*

ప్రూఫు రీడరుగారికి,

మీ ఉత్తరం చదివాను. వివరాలు కావాలా? రాసుకోండి. వెలువడిన సంవత్సరం: ఆవిడ పుట్టిన ఏడాది, 1953. ప్రచురించినవారు: మా అమ్మమ్మ. ముద్రణ: మొదటిదే. అలాంటి ప్రతి మళ్ళీ తియ్యడం ఎవరివల్లా కాలేదు. మొత్తం పేజీలు: రోజుకి నాలుగొందల దుప్పట్ల చొప్పున ముప్ఫై ఒక్క ఏళ్ళు, మీరే గుణించుకోండి.

ఒక్కటి అడుగుతాను, జవాబు చెప్పండి. అచ్చుకాని మనిషికి తెలిసింది తెలివి కాదా? అచ్చు యంత్రం పుట్టకముందు జనం దుప్పట్లు ఆరేసుకోలేదా? చేతులతో నేర్చుకున్నవాళ్ళు చెబితే కబురు, కాగితం మీద నేర్చుకున్నవాళ్ళు చెబితే ఆధారం. ఇదేం న్యాయం?

ఇట్లు,
పైన చెప్పిన టీచరే, ఇంకాస్త కోపంతో

తా.క. కామా పెట్టండి. మా పిన్ని మాట ఏనాడూ చుక్క దగ్గర ఆగలేదు.

*

గౌరవనీయులైన టీచరుగారికి,

వివరాలన్నీ అందాయి. ఇంత పూర్తిగా పంపేవాళ్ళు తక్కువ. కొత్త ప్రూఫు జతచేశాం. ముప్ఫైరెండో ఆధారం ఇలా ఉంది, సరిచూసుకోగలరు:

పిన్ని, (1953). మొదటి ముద్రణ. అమ్మమ్మ ప్రచురణలు. 45,26,000 పేజీలు (సెలవులు తీసెయ్యలేదు).

ఇంత పెద్ద గ్రంథం మన దగ్గర లేదేమిటని మా లైబ్రేరియన్ నిన్నటి నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు. సరిచూడటానికి ఒక మూడు రోజులు ప్రతిని పంపగలరు. అట్ట నలగకుండా, తడి తగలకుండా కట్టించండి. వెన్ను ఊడి ఉంటే ముందే చెప్పండి, మా బైండరు చూస్తాడు.

భవదీయుడు,
ప్రూఫు రీడరు

తా.క. ప్రతి దొరక్కపోతే కంగారుపడకండి. ఇదే సంగతి ఆ ఆసుపత్రి సూపరింటెండెంటుగారు అచ్చువేయించిన సర్క్యులర్‌లో మొదటి పేజీలోనే ఉంది. పిన్నిని తీసేసి ఆయన్ని పెడితే సరిపోతుంది. ఏ సంగతీ శుక్రవారంలోగా తేలకపోతే వ్యాసం వచ్చే ఏడాదికి పోతుంది.

*

అయ్యా,

పిన్ని పుస్తకం కాదు. మనిషి. నేను వెటకారంగా రాస్తే మీరు కూర్చుని గుణించారు. ఆ నలభై అయిదు లక్షల పేజీలూ ఇప్పుడు నా ఎదురుగా కిటికీ దగ్గర కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని చొక్కాకి బొత్తాం కుడుతున్నాయి.

ఇక ఆ సర్క్యులర్. పిన్ని ఒక దుప్పటి మడత తీసుకెళ్ళి సూపరింటెండెంటు బల్లమీద పెట్టింది. "లోపల చెయ్యి పెట్టి చూడండయ్యా" అంది. పెట్టి చూశాడు. "సరే, నువ్వెళ్ళు" అన్నాడు. పదిహేను రోజులకి లాండ్రీ గోడమీద ఆయన సంతకంతో కాగితం వెలిసింది: మడతపెట్టే ముందు అరగంట ఆరనివ్వాలట. పిన్ని అరగంట అని ఎక్కడంది? "చెయ్యి తిరగేసి ఆనించు. పొడిగా తగిలితే మడతపెట్టు. ముసురు పట్టినరోజు రెండు గంటలైనా తగలదు" అంది. ఇప్పుడు అక్కడ చెయ్యి ఆనించేవాళ్ళు లేరు. గడియారం చూసి మడతపెడుతున్నారు. పోయిన ముసురులో నాలుగో వార్డులో దద్దుర్లు మళ్ళీ లేచాయి. ఎవరి మాట కొట్టేసి ఎవరి మాట పెట్టమంటున్నారో ఆ వీపులు చూసి చెప్పండి.

ఇట్లు,
ఆ ఆధారంగారి అక్క కూతురు

తా.క. మీ ఉత్తరం పిన్నికి చదివి వినిపించాను. "తడి తగలకుండా పంపమన్నారా? ముప్ఫై ఒక్క ఏళ్ళు తడిలోనే ఉన్నానని రాయవే. వెన్ను మాత్రం ఊడింది. ఆ బైండరు ఏ వేళప్పుడు ఉంటాడో కనుక్కో" అంది.

*

టీచరుగారికి,

క్షమించండి. ఇది ఆఫీసు కాగితం మీద రాయడం లేదు. నా పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆధారంగా మనిషి రావడం ఇదే మొదలు. గుర్తుపట్టలేకపోయాను.

ఏడో నిబంధనను పక్కన పెట్టమని ఎడిటరుగారిని అడిగాను. కుదరదన్నారు. అసలిది ఎలా పుట్టిందో చూద్దామని పాత ఫైళ్ళు దించాను. ఇరవై రెండేళ్ళ కిందట ఒక పాఠకురాలు రాసిన ఉత్తరానికి జడిసి, ఆవిడ డిమాండునే ఉన్నదున్నట్టు నిబంధనగా చేశారట. నకలు జతచేశాను. అది ఇలా మొదలవుతుంది: "మీరు అబద్ధాలు అచ్చేస్తున్నారు. కుర్చీలో సర్దుకుని కూర్చోనక్కర్లేదు, మీతోనే అంటున్నాను."

ఒక దారి మాత్రం కనిపించింది. ఏడో నిబంధన ఆధారాలకే గాని వ్యాసకర్తలకు కాదు. వ్యాసకర్త సొంతంగా కనిపెట్టిన సంగతికి పేజీ నంబరు అడగం.

మీ
ప్రూఫు రీడరు

తా.క. నకలులోని చేతిరాత ఎక్కడో చూసినట్టుంది. మీకేమైనా తడితే రాయగలరు. ఇంకొకటి, చెప్పాలంటే మొహమాటంగా ఉంది. మీ వ్యాసం నాలుగో పేజీలో కూడా "సుమారు అరగంట" అనే ఉంది.

*

ప్రూఫు రీడరుగారికి,

నకలు చూసి నేనే కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. అది నా చేతిరాతే.

ఆ రోజుల్లో పెద్ద పెద్ద డాక్టర్లు "అనుభవజ్ఞులు చెప్పగా విన్నాం" అని మొదలుపెట్టి, ఆడవాళ్ళ నొప్పులన్నీ ఊహలేనని రాసేవారు. అచ్చులో రుజువు లేనిదే ఎవరి మాటా వెయ్యొద్దని నేను మీమీద విరుచుకుపడ్డాను. వాళ్ళ నోళ్ళు మూతపడతాయనుకున్నాను. వాళ్ళకేం, మర్నాటి నుంచి సర్క్యులర్లు అచ్చువేయించుకున్నారు. నేను వేసిన గడియ వాళ్ళకి కాదు, పిన్నికి పడింది. అప్పటి నా కోపం న్యాయమైనదే. ఇప్పటిదీ న్యాయమైనదే. నడుమ ఆ గడియ ఎవరికి పడిందని నేను ఎవరినీ అడక్కుండా ఉండిపోయిన ఇరవై రెండేళ్ళే బాగాలేవు.

అరగంట సంగతి పిన్నితో చెప్పాను. సూది ఆపి నావంక చూసింది. "నువ్వూ రాశావా? నీ చెయ్యి పట్టుకుని ఆనించి చూపించాను కదే" అంది. పత్రికకు అంకె ఉంటే బావుంటుందని నేనే వేశాను. సూపరింటెండెంటుని తిట్టిన నోటితో ఇంకేం చెప్పను.

ఇట్లు,
రెండో వ్యాసకర్త

తా.క. మా డిమాండ్లు:

1. ఏడో నిబంధన కొట్టెయ్యాలి. పెట్టించిన మనిషే అడుగుతోంది.

2. వ్యాసకర్తలు ఇద్దరు. మొదటి పేరు పిన్ని. తర్వాత కామా. తర్వాత నేను.

3. నాలుగో పేజీలో "సుమారు అరగంట" తీసేసి, "చెయ్యి తిరగేసి ఆనిస్తే పొడిగా తగిలేదాకా" అని వెయ్యాలి.

4. ఆ పేజీ నకళ్ళు సూపరింటెండెంటుకు ఒకటి, నాలుగో వార్డుకు ఒకటి, లాండ్రీ గోడకు ఒకటి పంపాలి. గోడకు పంపేది పెద్దక్షరాల్లో ఉండాలి.

5. ఇదంతా శుక్రవారంలోగా జరగాలి.

6. ఆఖరి ప్రూఫు మొదటి వ్యాసకర్తకే పంపాలి. తడి తగిలినా ఫర్వాలేదట, ఆరబెట్టుకుంటుందట.