బోర్డు మీది జవాబులు

నవంబరు 13, గురువారం

ఇంటర్నల్ పరీక్షలో సారే జవాబులు బోర్డు మీద రాసి, చూసి రాసుకోమన్నారు. అందరూ దించారు. నేను మాత్రం చదివింది నా మాటల్లో రాశాను. 'నిబ్బరం' అనే మాట మొదటిసారి వాడాను, ఎంత బాగా కుదిరిందో.

సాయంత్రం సార్ నా పేపరు తిరిగిచ్చేశారు. "అందరిలాగే మళ్లీ రాసివ్వమ్మా. నీదొక్కటే వేరేగా ఉంటే మిగతావి కాపీ అని తెలిసిపోతుంది."

బస్సులో మా క్లాసు మౌనిక తన పక్క సీట్లో నన్ను కూర్చోనివ్వకుండా బ్యాగు పెట్టింది.

"అందరి లెక్క రాస్తే ఏం పోతదే నీకు? నీ ఒక్కదాని కోసం మేమందరం ఫెయిల్ కావాల్నా?"

మా ఊరు తొండుపల్లి దాకా నిలబడే వచ్చాను. ఇందాక ఫోన్‌కి మౌనికే ఆ జవాబుల బోర్డు ఫొటో పంపింది, కింద ఒక్క మాట కూడా లేదు. వాళ్లు నిజంగానే ఫెయిలైతే...

రేపు పొద్దున మొదటి బస్సుకే వెళ్లి, నా పేపరే మళ్లీ సార్ చేతిలో పెడతాను.