గుండు గోడ మందం

నాందేడ్, మంగళవారం రాత్రి

మెటల్ ప్రింటర్‌లో పొరలు పొరలుగా తయారయ్యే ఫిరంగి గుండు గోడను ఇంకా పలచన చేయమన్నాడు మా డిజైన్ ఇంజనీర్ గంగాధర్ సార్. అప్పుడు గుండు పేలితే ముక్కలు ఎక్కువవుతాయట.

"పల్చగైతే ఫిరంగి తోపులనే పలుగుతది సార్. పేల్చెటోడే సస్తడు," అన్నాను.

"ఓ యూట్యూబ్ ఇంజనీరూ, నాకే చెప్తున్నవా? అయితే నువ్వే గీసి సూపియ్యి."

ఒళ్లు మండింది. సాయంత్రానికల్లా గోడ మందంగానే ఉంచి, దాని లోపలివైపు గాడులు పెట్టి గీసిచ్చాను. తోపులో నిలుస్తుంది, పడ్డచోట ఇంకా ఎక్కువ ముక్కలవుతుంది.

"శాబాస్ రే. రేపు డ్రాయింగ్ మీద నీ పేరే ఏపిస్త," అన్నాడు.

ఐటీఐ కూడా లేని నేను ఈ మాట కోసం నాలుగేళ్లు చూశాను. కానీ పేల్చేవాడి కోసం కొట్లాడాను. గుండు పడేచోట ఉండేవాడి మాట సార్ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వాడెవడో తెలియదు, కళ్లు మూస్తే వాడే వస్తున్నాడు. రేపు పేరు వద్దంటే సరిపోతుందా? గాడులు గీసింది నేనే కదా.