తల ఊపని శ్రుతిపెట్టె

పాకాల,
6–5–1996

తిరుపతి జ్ఞానాంబ మ్యూజికల్స్ యజమాని జయచంద్రగారికి, నాదస్వరం దొరస్వామి నమస్కారాలు. ఇక్కడ మా మేళమంతా క్షేమం.

మా అల్లుడు చక్రధర్ మీ అంగట్లోదని చెప్పి కరెంటు శ్రుతిపెట్టె ఒకటి తెచ్చి ఇచ్చాడు. మీట నొక్కితే రెండున్నర శ్రుతి ఆగకుండా పలుకుతుందన్నాడు. నొక్కాం, పలికింది. మొన్న దామలచెరువు పెళ్లిలో పెట్టి చూశాం కూడా. నాకు కుదరలేదు. అల్లుడు ఇచ్చిన వస్తువును వద్దనడానికి నోరెలా వస్తుంది? అందుకని పెట్టెను మనిషి చేత పంపిస్తున్నాను. ఇందులో లోపముందని మీరే ఒక చీటీ రాసి, దాన్ని అక్కడే ఉంచేసుకోండి.

ఇట్లు,
దొరస్వామి

తా.క. లోపమేమిటో మీరే కనిపెట్టండి. నాకు కనబడింది ఒకటే. పెళ్లివాళ్లు అందరికీ తాంబూలాలిస్తూ పెట్టెను దాటుకొని వెళ్లిపోయారు.

తిరుపతి,
10–5–1996

విద్వాన్ దొరస్వామిగారికి జయచంద్ర నమస్కరించి రాయడమేమంటే,

పెట్టె అందింది. మూత విప్పి ప్రతి తీగా చూశాను. ఏ లోపమూ లేదు. లేని లోపం ఉన్నట్టు రాస్తే మా అంగడి పేరు పోతుంది. పాకాలలో వోల్టేజీ తక్కువేమో అనిపించి, బ్యాటరీలతో నడిచే పెట్టె మార్చి పంపుతున్నాను. కరెంటు పోయినా ఇది ఆగదు.

ఉంటాను,
జయచంద్ర

తా.క. పరీక్ష కోసం మీ పెట్టెను రెండు రోజులు ఆపకుండా ఇంట్లో మోగించాను. మా ఆవిడ రూపశ్రీ పుట్టింటికి వెళ్లిపోయింది. పెట్టె మాత్రం చక్కగా ఉంది.

పాకాల,
17–5–1996

జయచంద్రగారికి దొరస్వామి మళ్లీ నమస్కరిస్తున్నాడు.

మీ బ్యాటరీ పెట్టె అంతకంటే మొండిది. ముహూర్తం వేళ కరెంటు పోతే పురోహితుడి మైకు ఆగింది గాని ఇది ఆగలేదు. ఆగాలని నేను ఎంత కోరుకున్నానో మీకు తెలియదు.

లోపాలు రాయమంటే రాస్తాను. నేను మంచి సంగతి వేస్తే తల ఊపదు. భోజనాల పంక్తి లేస్తోందని చెప్పదు. తిరుగు ప్రయాణంలో నేను బస్సులో నిద్రపోతే పాకాల వచ్చిందని లేపదు. మొన్న అట్లాగే దిగాల్సిన చోటు దాటిపోయాను. ఇంక ఇది దేనికి పనికొస్తుంది?

ఇట్లు,
దొరస్వామి

తా.క. బస్సులో పెట్టె నా ఒళ్లోనే ఉంది. మీట ఎట్లా పడిందో ఏమో, మోగింది. కండక్టరు బస్సు ఆపి ఇంజను చూసుకోమని డ్రైవరుతో అన్నాడు.

తిరుపతి,
21–5–1996

విద్వాన్‌గారికి నమస్కారాలు.

మీ లోపాల పట్టిక మూడుసార్లు చదివాను. ఒట్టి శ్రుతి మీకు చాలడం లేదనీ, ఇంకాస్త తోడు కావాలనీ అర్థమైంది. మద్రాసు నుంచి కొత్త రకం వచ్చింది, పంపుతున్నాను. ఇది శ్రుతితో పాటు తాళం కూడా వేస్తుంది. తల ఊపేది మాత్రం ఇంకా ఎవరూ తయారు చెయ్యలేదు.

మీ మేలు కోరే
జయచంద్ర

తా.క. డోలు కూడా వాయించే పెట్టె రాబోతోందట. రాగానే మొదటిది మీకే.

పాకాల,
27–5–1996

అయ్యా జయచంద్రగారూ, మీకు దండం పెడతాను, ఆపండి.

మా తాళం చిన్నబ్బకు రెండు రోజులుగా నాతో మాటల్లేవు. మీ తా.క. చదివిన డోలు మునెయ్య, “అన్నా, ఆ డోలు పెట్టె వచ్చేది ముందే సెప్పు, నాలుగు గొర్రెలన్నా కొనుక్కుంటాను” అన్నాడు.

నిజం చెప్పేస్తున్నాను. మీ పెట్టెలో లోపం లేదు, లోపమంతా నాలోనే ఉంది. శ్రుతి కోసం ముప్పై ఒక్క ఏళ్లుగా నా ఎడమ పక్కన కూర్చుని ఒత్తు ఊదుతున్నవాడు మునస్వామి. మా ఇంటిదాని తమ్ముడు. పెట్టె వచ్చినప్పటి నుంచి వాడి ఒత్తు సంచిలోనే ఉంది, పెళ్లి కాగానే వాడు నాకోసం ఆగకుండా ముందు బస్సుకే వెళ్లిపోతున్నాడు. నిన్న నాతో, “బావా, ఊరికే కూసోని తాంబూలం తీసుకునేదానికి నాకు సిగ్గుగా ఉండాది. రేపట్నించి రాను. పెట్టె ఉండాది గదా” అన్నాడు. రాత్రి అన్నం సహించలేదు. వాడు పక్కన లేకపోతే నాకు ఊదాలనిపించదండీ. పెట్టె పనికిరాదని ఒక్క చీటీ రాయండి, వాణ్ని తెచ్చుకుంటాను.

ఇట్లు,
దొరస్వామి

తా.క. మునస్వామిని మీరు చూసి ఉండరు. చంకలో ఎప్పుడూ నల్లగొడుగు ఉంటుంది. దాన్ని తెరవగా చూసినవాళ్లు మాత్రం మా ఊళ్లో లేరు.

తిరుపతి,
30–5–1996

విద్వాన్‌గారికి జయచంద్ర నమస్కారాలు.

ఆ గొడుగును నేను చూశాను. ఉగాది అయిన వారానికి మా అంగడికి వచ్చింది.

మునస్వామిగారు అంగడి తెరిచినప్పుడు వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. ఉన్న ఏడు పెట్టెలూ మోగించమని కళ్లు మూసుకొని విన్నారు. ఏడోది విని తల ఊపి, “ఇదీ మా బావ పక్కన కూసునేది” అన్నారు. మీకెందుకని అడిగితే చెప్పారు. “రొమ్ములో ఊపిరి నిలవడం లేదు సామీ. డాక్టరు ఊదొద్దనేసినాడు. ఆ మాట తెలిస్తే మా బావ గూడా నాదస్వరం మూలన పెట్టేస్తాడు, ఆయప్ప అట్లాంటోడు. అల్లుడి చేత ఇప్పిస్తే కాదనలేడు. మీరు మాత్రం యాడా సెప్పొద్దు.”

ఆయనకు మాట ఇచ్చాను. అందుకే మీరెన్ని వంకలు పెట్టినా పెట్టెలు మార్చానే గాని వెనక్కి తీసుకోలేదు. ఈ రోజు మాట తప్పాను. ఆయనకు నా క్షమాపణ చెప్పండి, కోప్పడకండి.

ఆయన ఏరుకున్న మొదటి పెట్టెనే తిరిగి పంపుతున్నాను. మీరడిగిన చీటీ కూడా అంగడి ముద్ర వేసి జతపరిచాను. అందులో ఇలా ఉంది: “ఈ పెట్టెను ఒంటరిగా ఉంచరాదు. ముప్పై ఏళ్లకు తక్కువ కాకుండా శ్రుతి ఊదిన మనిషి ఎడమ పక్కన కూర్చుని మీట నొక్కవలెను. మంచి సంగతి పడినప్పుడు తల ఊపవలెను. బస్సులో విద్వాన్‌ను లేపవలెను. ఇవి జరగని పక్షంలో పెట్టె పనిచేయకపోతే మా పూచీ లేదు.”

మీ ఇద్దరి మేలు కోరే
జయచంద్ర

తా.క. ఇకమీద పెళ్లివాళ్లు పెట్టెను దాటుకొని పోతే ఊరుకోవద్దు. మునస్వామిగారిని రెండు తాంబూలాలు తీసుకోమనండి.