ఎర్ర కారుకు ఆఖరి మాటు

మంచిర్యాల,
10-2-1964, సోమవారం.

చెల్లె బాలవ్వకు,

అక్క సమ్మవ్వ దీవెనలు. మేమంతా చల్లగా ఉన్నాం. మెట్‌పల్లిలో మీరూ, మీ పసుపు చేనూ అట్లాగే ఉండాలని దేవునికి చెప్పుకున్నాను.

నిన్న ఆదివారం ఎప్పటిలాగే లేచాను. వాకిలి ఊడ్చి పేడనీళ్ళ సాన్పి చల్లాను. గడప కడిగి ముగ్గు గీశాను. దీపం పెట్టి వస్తుంటే మన తమ్ముడి భార్య ఎల్లక్క గడప చూసి ఆగింది. “ఏంది వదినె, గడపకు పసుపు పెట్టలే?” అన్నది. అయిపోయిందన్నాను. ఆమె మనసంతా కారు మీదే ఉన్నది.

గని దొర వదిలిపోయిన ఆ ఎర్ర పందెం కారు నీకు తెలుసు. ఇద్దరికే చోటు, పైకప్పు లేదు. తమ్ముడు రాయమల్లు పదేళ్ళు దాన్ని తుడిచాడు, ఒక్కనాడూ అందులో కూర్చోలేదు. దొర పోయాక మేకలు పడుకునే దాన్ని పాత ఇనుము ధరకు కొని రెండేళ్ళయింది. ఎలుకలు కొరికిన సీటును గోనెసంచీతో కుట్టాడు. టైర్ల కోసం ఎల్లక్క వెండి కడియాలు కుదువకు పోయాయి. చివరికి ఇంజనును చల్లార్చే నీళ్ళ డబ్బా దగ్గర పని ఆగింది. తగరంతో ఎన్ని మాట్లు వేసినా కారేది. మైలు పోకముందే కారు ఆవిరి కక్కేది. కొత్త డబ్బా బొంబాయి నుంచి రావాలి, అది వాడి రెండు నెలల జీతం.

“గోదారి దాక పోయి ఆగకుంట రావాలె. లేకుంటే పొద్దుగూకంగనే ఇనుప సామానోని బండెక్కిస్త” అని ఎల్లక్క నిన్నటికి గడువు పెట్టింది.

నిన్న తెల్లారగానే రాయమల్లు ఆఖరి మాటు వేసి, “జర దేవునికి చెప్పక్కా” అని స్నానానికి పోయాడు. చెప్పాను.

కారు కదిలింది. నేను అరుగు మీద జపమాల పట్టుకున్నాను. “తోసుకుంటనే వస్తడు, సూడు వదినె” అని ఎల్లక్క అంటూనే ఉన్నది, వీధి మలుపు మీది నుంచి కన్ను మాత్రం తీయలేదు. గంటకు హారన్ వినబడింది. చుక్క కారలేదు. వాడి ముఖం నువ్వు చూడాల్సింది, బాలవ్వా. “నా మాటు సూసినవా!” అంటాడు వాడు. “నీ మాటా? వదినె మొక్కు!” అంటుంది ఆమె. నేను ఇద్దరికీ చాయ్ పోశాను.

సాయంత్రం ముగ్గురం కూర్చుని తేల్చుకున్నాం. కారు అమ్మేది లేదు. ముందు కడియాలు విడిపించాలి, ఆ తర్వాతే దీపాల అద్దాలు. వచ్చే ఆదివారం వాళ్ళిద్దరూ కారులో మీ ఇంటికి వస్తారు. నేను బస్సులో వస్తాను.

నీ మేలు కోరే అక్క,
సమ్మవ్వ

తా.క. నువ్వు పంపిన పసుపులో మిగిలిన రెండు గుప్పెళ్ళూ, వాడు స్నానానికి పోయినప్పుడు ఆ నీళ్ళ డబ్బాలో పోశాను. పసుపు సన్న చిల్లులు పూడుస్తుందని మీ బస్టాండులో లారీ డ్రైవర్లు అనుకుంటుంటే ఒకసారి విన్నాను. మొక్కింది కూడా నిజమే. వాడికి చెప్పకు. రాగానే లోపల కూర్చోబెట్టి అన్నం పెట్టు. నేను బస్సు దిగేసరికి పసుపు దంచి ఉంచు. గడపకు చిటికెడు చాలు, మిగతాది కారుకు.