గట్టు మీది తెంక చెట్టు

ముసునూరు

ప్రియమైన చెల్లి బుల్లెమ్మకు,

అక్క ఆశీస్సులు. ఫోన్ చేస్తే నీ పక్కన మరిది, నా పక్కన మీ బావగారు చెవులు రిక్కించి కూర్చుంటారు. అందుకే ఈ ఉత్తరం.

మన తోటలకు రీసర్వే వచ్చింది. పంపకాలప్పుడు మీ బావగారూ మరిదీ అన్నదమ్ములై ఉండి గట్టు నాదంటే నాదని పోట్లాడుకుని మాటలు మానేశారు కదా. అప్పటినుంచీ పంతం కొద్దీ ఇద్దరూ దాని మీద కత్తి పెట్టలేదు. ఇప్పుడది తుమ్మలు, ఈతపొదలతో అడివైపోయింది. అవతలి వైపు కనిపిస్తే గానీ కొలవలేనన్నాడు సర్వేయరు.

సచివాలయం గోడకు నియమాలు అంటించారు. మనిషి నడిచేంత మేరకే పొదలు కొట్టాలట, నిప్పు పెట్టకూడదట. మట్టి పరీక్షకైతే పైగడ్డి చెక్కితే చాలట. కాసే చెట్టును కొట్టాలంటే మాత్రం ఇరుపక్కలవాళ్ళూ సంతకాలు పెట్టి అనుమతి తీసుకోవాలి, కొట్టేటప్పుడు ఇద్దరూ దగ్గరుండాలి.

ఆ హద్దు మీదే మన తెంక చెట్టుంది, మనం పాతిన మామిడి. మీ బావగారు సంతకం పెట్టేశారు. మరిదిని పెట్టనివ్వకు తల్లీ. ఆ సంతకం లేకపోతే సర్వేయరు చెట్టు పక్కనుంచి కొలుచుకుంటాడు. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

నీ అక్క,
వెంకాయమ్మ


చింతలపూడి

ప్రియమైన అక్కయ్యకు,

బుల్లెమ్మ నమస్కారాలు. నీ ఉత్తరం చూశాక పాతరోజులన్నీ కళ్ళముందుకొచ్చాయి. కొత్త కాపు దేవుడికి పెట్టకముందే మనిద్దరం గట్టు చాటున చిన్నరసాలు జుర్రేసి, అత్తయ్యకు తెలియకుండా తెంకలు పాతేశాం. వానలకు ఒకటి మొలిచింది! "నా కోడళ్ళ దొంగతనం చిగురేసిందర్రా" అని ఆవిడ ఊరంతా చెప్పుకుని నవ్వింది, కానీ పీకనివ్వలేదు. ఆ పుల్లటి కాయల్ని బజారులో ఎవరూ కొనరు. నాకు మాత్రం ఏ రసమూ దానికి సాటి రాదక్కా.

అన్నం పెడుతూ ఈయన్ని బతిమాలాను. "అన్నయ్య పెట్టాక నేను పెట్టకపోతే, తమ్ముడే అడ్డం పడ్డాడని ఊరంతా అనరూ?" అన్నారు. నిన్నే సంతకం చేసి పంపేశారు.

నడుం నొప్పితో నేను బస్సెక్కలేను. ఈయన ఒక్కరే వస్తున్నారు. కత్తి నూరుకుని మరీ సంచిలో పెట్టుకున్నారు. ఇద్దరి చేతుల్లోనూ కత్తులు, మధ్యలో పాత పగ. నాకు చాలా భయంగా ఉంది. చెట్టు సంగతి తర్వాత, నువ్వు మాత్రం అక్కణ్ణుంచి కదలకు.

నీ చెల్లెలు,
బుల్లెమ్మ


ముసునూరు

ప్రియమైన బుల్లెమ్మకు,

చెట్టు పోయింది. చదువుతూ ఆశపడతావని ముందే చెప్పేస్తున్నాను.

మీ బావగారు తూర్పు నుంచి, మరిది పడమర నుంచి పొదలు కొట్టుకుంటూ వచ్చారు. పలకరింపుల్లేవు. నేను మజ్జిగ చెంబు పట్టుకుని మధ్యలో నిలబడ్డాను. చెట్టు దగ్గరికొచ్చాక ఈయన గొడ్డలి ఎత్తారు. మొదటి దెబ్బకే అది మానులో ఇరుక్కుంది, ఎంత లాగినా రాలేదు.

మరిది కాసేపు చూసి, "కాలు తన్నిపట్టి లాగన్నయ్యా, నాన్న ఎన్నిసార్లు చెప్పాడూ!" అన్నాడు.

"చెప్పింది చాల్లేరా, వచ్చి పట్టు" అన్నారు ఈయన.

ఇద్దరూ కలిసి లాగేసరికి గొడ్డలి ఊడొచ్చి ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. సర్వేయరు పగలబడి నవ్వాడు. వీళ్ళూ నవ్వారు. నవ్వారు కదా, ఇక మానేస్తారనుకున్నాను. మానలేదు. వంతులేసుకుని హుషారుగా కొట్టారు.

నేను ఆపమంటే ఆగేవాళ్ళేనే. కానీ ఇన్నేళ్ళ తర్వాత "అన్నయ్యా", "ఒరేయ్" అని పిలుచుకుంటున్నారు. నేను ఆపమంటే ఎక్కడ మళ్ళీ మూగవాళ్ళవుతారోనని చెంగు నోట్లో కుక్కుకున్నాను.

కూలిన మాను మీద కూర్చునే అన్నాలు తిన్నారు. "అమ్మాయిని కూడా తీసుకురావాల్సిందిరా" అని నిన్ను తలుచుకున్నారు మీ బావగారు. మరిది ఇంకా ఇక్కడే ఉన్నాడు, తిరుగుప్రయాణం ఊసే లేదు.

నీ నడుం కాస్త సర్దుకోగానే వచ్చెయ్యి. ఇల్లంతా నవ్వుతుంటే నేనొక్కదాన్నీ ఏడవలేకపోతున్నాను.

నీ కోసం ఎదురుచూసే అక్క,
వెంకాయమ్మ